పదేళ్లు దాటిన టవర్‌లో ఆర్‌ఎక్స్ 6600: ఒక కేస్ స్టడీ

"అన్నా, ఈ గ్రాఫిక్స్ కార్డు నా ప్రాసెసర్‌కి ఎక్కువైపోయిందట. వాపస్ ఇవ్వడానికి ఇంకా ఆరు రోజులే ఉంది. పంపేయమంటారా?"

క్యాబినెట్‌ను బల్ల మీద పెట్టగానే ఆ అబ్బాయి అడిగిన మొదటి మాట ఇది. డిగ్రీ చదువుతున్నాడు. దాచుకున్న డబ్బంతా ఆ కార్డు మీదే పెట్టాడు. టెన్షన్ ముఖంలోనే కనిపిస్తోంది. ముందు కూర్చోమన్నాను. ఇలాంటి జోడీలు చాలా చూశాను కాబట్టి ఒక సంగతి మాత్రం అప్పుడే చెప్పగలిగాను: "తమ్ముడూ, తప్పు కార్డుదో ప్రాసెసర్‌దో కొలిచి చూడందే తెలియదు. రెండు రోజులు నా దగ్గర వదిలెయ్."

మెషిన్ ఒక ఆఫీసులో పక్కన పెట్టేసిన టవర్. ప్రాసెసర్ 2013లో వచ్చిన కోర్ ఐ5-4570: నాలుగు కోర్లు, నాలుగే త్రెడ్లు (అంటే ఒకేసారి నడపగలిగే పనుల వరసలు). ర్యామ్ 16 జీబీ డీడీఆర్3, రెండు 8 జీబీ స్టిక్‌లు. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) కంపెనీ బిగించి ఇచ్చిందే, 290 వాట్లది. ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10 తర్వాత ఆ అబ్బాయి వేసుకున్నవి. కార్డు రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీ. అది 2021 అక్టోబర్‌లో విడుదలైంది. అంటే కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య ఎనిమిదేళ్ల తేడా.

ఫిర్యాదులు మూడు. ఆన్ చేస్తే విండోస్ లాగిన్ వచ్చేదాకా తెర నల్లగా ఉంటుంది. ఆట మొదలుపెట్టిన పది ఇరవై నిమిషాలకు మెషిన్ ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఆరిపోనంతసేపూ ఆట గతుకుల రోడ్డు మీద బండిలా సాగుతుంది. ప్రాసెసర్ పేరూ కార్డు పేరూ ఇస్తే బాటిల్‌నెక్, అంటే ఒకటి రెండోదాన్ని వెనక్కి లాగడం, ఎంత శాతమో చెప్పే లెక్కలు దొరుకుతాయి కదా, అలాంటిదొకటి చూసి ఈ మూడింటికీ కారణం ప్రాసెసరే అని నిర్ధారించుకున్నాడు. ఆ శాతాలను నేను నమ్మను. మీరు ఆడే ఆట ఏదో, ఏ రెజల్యూషన్‌లో ఆడుతున్నారో, లోపల ర్యామ్ ఎలా కూర్చుందో ఆ లెక్కకు తెలియదు. ఈ మెషిన్‌లో చివరికి తేలిన కారణాలు ఐదు. ప్రాసెసర్ వాటిలో ఒకటి మాత్రమే, అది కూడా వరసలో చివరిది.

ముందు కరెంటు సంగతి

ఉన్నట్టుండి ఆరిపోయే మెషిన్‌ను మళ్లీ ఆన్ చేసి పరీక్షించడం నాకు ఇష్టం ఉండదు. సైడ్ ప్యానెల్ తీసి టార్చ్ వేసి చూశాను. ఆ ఎస్‌ఎంపీఎస్ నుంచి గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే 6 పిన్ వైరు గానీ 8 పిన్ వైరు గానీ అసలు రావడం లేదు. హార్డ్ డిస్క్ కోసం ఉన్న సాటా పవర్ వైరుకు ఒక కన్వర్టర్ తగిలించి, దాని రెండో కొసను కార్డు 8 పిన్ సాకెట్‌లో గుచ్చారు. కన్వర్టర్‌ను మెల్లగా లాగాను. తేలిగ్గా రాలేదు. వచ్చాక వెలుతురులో తిప్పి చూస్తే, సాటా ప్లగ్‌లో 12 వోల్టుల పిన్నులున్న వైపు తెల్ల ప్లాస్టిక్ లేత గోధుమ రంగుకు తిరిగి, అంచు కొద్దిగా ఉబ్బి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన సన్నగా తగిలింది. ఇంకో వారం ఆడి ఉంటే ఏం జరిగేదో ఊహించడానికి కూడా మనసొప్పలేదు. ఆ అబ్బాయిని పిలిచి, ప్లగ్ చేతిలో పెట్టి చూపించాను.

లెక్క వేస్తే ఇది ముందే తెలిసిపోయే విషయం. సాటా పవర్ ప్లగ్‌లో 12 వోల్టులకు మూడు పిన్నులు ఉంటాయి, ఒక్కోదానికి పరిమితి 1.5 ఆంపియర్లు. మొత్తం 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. ఆర్‌ఎక్స్ 6600 మొత్తం 132 వాట్ల కార్డు. మదర్‌బోర్డ్ స్లాట్ 75 వాట్లు ఇస్తుందంటారు కానీ అందులో 12 వోల్టుల వాటా 66 వాట్లే, మిగతాది 3.3 వోల్టుల మీద. స్లాట్ నుంచి ఆ 66 పూర్తిగా తీసుకున్నా మిగిలిన 66 వాట్లు వైరు మీదే రావాలి. 54 మోయగల ప్లగ్ మీద 66 పడుతోంది. నిజానికి చాలా కార్డులు స్లాట్ మీద తక్కువ, వైరు మీద ఎక్కువ భారం వేస్తాయి కాబట్టి అసలు పరిస్థితి ఇంతకన్నా ఘోరం. 8 పిన్ సాకెట్‌ను 150 వాట్ల కోసం పెట్టారు. సాటా నుంచి 8 పిన్‌కు మార్చే కన్వర్టర్ ఏ కార్డుతో వచ్చినా, ఎవరిచ్చినా వాడకండి. ఈ ఒక్క విషయంలో నా దగ్గర మినహాయింపు లేదు.

ఇక 290 వాట్ల సంగతి. ప్రాసెసర్‌కు 84, కార్డుకు 132, బోర్డ్, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపితే కాగితం మీద 290 దాటదు. కానీ కార్డు తీసుకునే కరెంటు ఒకే గీతలా ఉండదు, మిల్లీసెకన్ల పాటు సగటు కన్నా బాగా పైకి లేచి దిగుతుంది. పదేళ్లుగా వేడిలో నలిగిన కెపాసిటర్లు ఆ ఎగుడుదిగుళ్లను ఆపలేవు. రక్షణ సర్క్యూట్ కట్ చేసేస్తుంది. ఆ అబ్బాయి చూసిన "ఉన్నట్టుండి ఆరిపోవడం" అదే. ఎస్‌ఎంపీఎస్ తన పని తాను సరిగ్గా చేసింది.

కొత్తది 500 వాట్లది, సరైన 8 పిన్ వైరు ఉన్నది వేశాను. చిక్కు ఎక్కడంటే, ఇలాంటి ఆఫీసు టవర్ల మదర్‌బోర్డులకు మామూలు 24 పిన్ ప్లగ్ పట్టదు. ఈ బోర్డ్‌కు ఉన్నది కంపెనీ సొంత 8 పిన్ సాకెట్. 24 నుంచి 8కి మార్చే అడాప్టర్లు దొరుకుతాయి, కాకపోతే పిన్నుల సంఖ్య సరిపోయినంత మాత్రాన వైరింగ్ సరిపోయినట్టు కాదు. స్టాండ్‌బైలో (మెషిన్ ఆపి ఉన్నప్పుడు) 5 వోల్టులకు బదులు 11 లేదా 12 వోల్టులు కోరే బోర్డులు కూడా ఉన్నాయి. మీ బోర్డ్ మోడల్ నంబర్‌కే సరిపోయే అడాప్టర్ అని రూఢి చేసుకున్నాకే కొనాలి. నేనైతే పాత ఎస్‌ఎంపీఎస్ ప్లగ్‌లో ఏ పిన్ మీద ఎంత వోల్టేజ్ ఉందో మల్టీమీటర్‌తో చూసి, కాగితం మీద బొమ్మ గీసుకుని, అడాప్టర్ నుంచి వస్తున్నవాటితో పిన్ పిన్‌కూ పోల్చాను. అరగంట పట్టింది. బోర్డ్ కాలిపోతే ఇక చేసేది ఏమీ ఉండదు కాబట్టి ఆ అరగంట వృథా అనుకోలేదు.

ఆ తర్వాత రెండు గంటలు ఆపకుండా లోడ్ పెట్టాను. ఆరిపోలేదు. ఒక ఫిర్యాదు తీరింది.

లాగిన్ దాకా నల్లతెర

ఇది కొందరికి చిన్న సమస్యగా కనిపిస్తుంది. "ఎలాగూ విండోస్ వచ్చాక బొమ్మ వస్తోంది కదా" అంటారు. కానీ రేపు విండోస్ ఎక్కకపోతే సేఫ్ మోడ్‌లోకి పోవాలన్నా, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డ్ సాఫ్ట్‌వేర్‌లో) ఒక సెట్టింగ్ మార్చాలన్నా తెర కనిపించదు. గుడ్డిగా మెషిన్ వాడుతున్నట్టే.

కార్డు తీసేసి మదర్‌బోర్డ్ మీది వీడియో పోర్ట్‌కు మానిటర్ కలిపితే బయోస్ మామూలుగా కనిపించింది. వెర్షన్ చూస్తే మెషిన్ తయారైనప్పటిదే, ఒక్కసారి కూడా అప్‌డేట్ కాలేదు. బూట్ మోడ్, అంటే మెషిన్ మొదలయ్యే పద్ధతి, పాతదైన లెగసీ. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి ముందు బయోస్ ఒక్కటే అప్‌డేట్ చేసి కార్డు పెట్టి చూశాను. తెర ఇంకా నల్లగానే ఉంది. ఇక మిగిలింది బూట్ మోడ్.

లెగసీ మోడ్‌లో మొదలైనప్పుడు బోర్డ్, కార్డులోని పాతకాలపు వీడియో బయోస్‌ను పలకరిస్తుంది. కొత్త పద్ధతి అయిన యూఈఎఫ్‌ఐ మోడ్‌లో అయితే కార్డులోని జీఓపీ అనే డ్రైవర్‌ను వాడి తెర గీయిస్తుంది. కొత్త కార్డులన్నీ ఈ రెండో పద్ధతిని లెక్కలో పెట్టుకుని తయారైనవి. పాత బోర్డులు పేరుకు యూఈఎఫ్‌ఐ అయినా లెగసీలో నడుస్తుంటాయి. ఇద్దరూ ఒకే భాష మాట్లాడితే తెర వస్తుంది.

అయితే మోడ్ మార్చి ఊరుకుంటే విండోస్ ఎక్కదు. లెగసీలో ఇన్‌స్టాల్ అయిన విండోస్, డిస్క్‌ను భాగాలు చేసే పాత పద్ధతి ఎంబీఆర్‌తో ఉన్న డిస్క్ మీద ఉంటుంది, యూఈఎఫ్‌ఐకి కొత్త పద్ధతి జీపీటీ కావాలి. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. డేటా పోకుండానే డిస్క్‌ను మారుస్తుంది. డిస్క్ మీద ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించితే మాత్రం ఒప్పుకోదు. ఈ డిస్క్‌లో రెండే ఉన్నాయి. పోకుండానే అన్నాను కానీ బ్యాకప్ తీయకుండా నేను ఎవరి డిస్క్ మీదా ఆ పని చేయను. మొదట వ్యాలిడేట్, తర్వాత కన్వర్ట్, రీస్టార్ట్, బయోస్‌లోకి వెళ్లి లెగసీ ఆపి యూఈఎఫ్‌ఐ. కార్డు బిగించి బటన్ నొక్కగానే కంపెనీ లోగో వచ్చింది. రెండో ఫిర్యాదు కూడా పోయింది.

గతుకులు

అసలు పని ఇక్కడ మొదలైంది. సగటు ఫ్రేమ్‌లు (తెర మీద ఒకదాని వెంట ఒకటి గీసే బొమ్మలు) చూసి ఆట ఎలా ఉందో చెప్పలేం. సెకనుకు 60 ఫ్రేమ్‌లంటే ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు. సెకనులో 58 ఫ్రేమ్‌లు చకచకా వచ్చి రెండు మాత్రం 80 మిల్లీసెకన్ల చొప్పున తీసుకుంటే సగటు బాగానే కనిపిస్తుంది, కంటికి మాత్రం కుదుపు తెలిసిపోతుంది. అందుకే సగటుతో పాటు అతి నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేమ్‌లను కూడా నమోదు చేస్తాను. ఆ అబ్బాయి ఎక్కువగా ఆడేది పెద్ద నగరంలో తిరిగే ఓపెన్ వరల్డ్ ఆట. అందులో జనం కిక్కిరిసిన ఒక మార్కెట్ వీధి ఉంది. ఆ వీధిలోనే ఒకే దారిలో మూడు నిమిషాలు నడిపించి ప్రతిసారీ కొలిచాను.

మొదటి కొలత, 1080పీ, హై సెట్టింగ్స్: సగటు సెకనుకు 57, అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేమ్‌ల వేగం సెకనుకు 24. కార్డు వినియోగం 60 శాతం దగ్గర ఊగుతోంది. ప్రాసెసర్ నాలుగు కోర్లూ 98, 100 మధ్య. ఇక్కడ అందరూ చేయగలిగిన పరీక్ష ఒకటుంది. రెజల్యూషన్‌ను 720పీకి దించాను. కార్డు పని సగం కన్నా తగ్గిపోయింది, ఫ్రేమ్‌లు మాత్రం ఒకటి రెండుకు మించి పెరగలేదు. కార్డు ఆగి ఎదురుచూస్తోందన్నమాట. ఎవరి కోసం?

ప్రాసెసర్ కోసం అని ఆ అబ్బాయి అన్నాడు. సగం నిజం. ప్రాసెసర్, ర్యామ్ వివరాలు చూపే సీపీయూ-జడ్ తెరిచి మెమరీ పేజీ చూస్తే చానెల్ (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) దగ్గర "సింగిల్" అని ఉంది. మళ్లీ లోపలికి చూశాను. నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండు తెల్ల క్లిప్పులవి, రెండు నల్ల క్లిప్పులవి. ఈ బోర్డ్‌లో ఒకటో స్లాట్, మూడో స్లాట్ ఒక చానెల్‌వి. స్టిక్‌లు రెండూ ఆ రెండింట్లోనే ఉన్నాయి. మధ్యలో ఒక స్లాట్ ఖాళీ వదిలి పెట్టడమే సరైన పద్ధతని ఎక్కడో విని ఎవరో అలా గుచ్చి ఉంటారు. చాలా బోర్డులకు ఆ మాట నిజమే, దీనికి మాత్రం కాదు. ఇలాంటివాటికి బోర్డ్ మీదో ప్యానెల్ లోపలో ఉండే చిన్న బొమ్మనే నమ్మాలి. డీడీఆర్3-1600 ఒక చానెల్‌లో సెకనుకు 12.8 గిగాబైట్లు ఇస్తుంది, రెండు చానెళ్లలో 25.6. నాలుగు కోర్లూ ఆబగా డేటా అడుగుతుంటే సగం గొట్టం మూసేసి నీళ్లు రావడం లేదన్నట్టు ఉంది.

బొటనవేలితో క్లిప్ నొక్కి, మూడో స్లాట్‌లోని స్టిక్ తీసి, రెండో స్లాట్‌లో టక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కాను. అర నిమిషం పని. మళ్లీ అదే వీధి, అదే మూడు నిమిషాలు: సగటు 63, ఒక శాతం 34. పైసా ఖర్చు లేదు. 24 నుంచి 34కి రావడం ఎంత తేడానో ఆడే చేతులకే తెలుస్తుంది. పక్కనే కూర్చున్న ఆ అబ్బాయి మౌస్ తీసుకుని వీధిలో గిర్రున తిరిగి, "అన్నా, ఇదే మెషినా?" అన్నాడు.

మధ్యలో అతనికి ఇంకో భయం పట్టుకుంది. కార్డు వివరాలు చూపే జీపీయూ-జడ్‌లో, కార్డును బోర్డ్‌కు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ తరం "1.1" అని చూపిస్తోందట. ఊరికే ఉన్నప్పుడు కార్డు కరెంటు ఆదా కోసం లింక్ వేగం తగ్గించుకుంటుంది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే అసలు వేగం చూపిస్తుంది. చూపించింది: 3.0, 8 లేన్లు (డేటా పారే దారులు).

ఆ 8 లేన్ల గురించి కాస్త చెప్పాలి. ఆర్‌ఎక్స్ 6600కి స్లాట్‌లో 16 లేన్ల పొడవున్నా కార్డు వాడుకునేది ఎనిమిదే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డ్‌లో ఆ ఎనిమిదింటి మీద సెకనుకు దాదాపు 15.75 గిగాబైట్లు పారతాయి. ఈ బోర్డ్‌లో ఉన్నది 3.0 కాబట్టి దాదాపు 7.88. ఇది నష్టమేనా? ఆటకు కావలసిన టెక్స్చర్లన్నీ (వస్తువుల పైన అంటించే బొమ్మలు) కార్డులోని 8 జీబీలో పట్టినంతసేపూ దాదాపు తెలియదు. పట్టకపోతే మాత్రం బాగా తెలుస్తుంది. కార్డు తన సొంత మెమరీతో మాట్లాడే వేగం సెకనుకు 224 గిగాబైట్లు. మెమరీ నిండి, మిగిలింది కంప్యూటర్ ర్యామ్ నుంచి తెచ్చుకోవలసి వస్తే ఆ దారి 7.88. అల్ట్రా టెక్స్చర్లు పెట్టి ఆ వీధిలోకి వెళ్లాను. వీడియో మెమరీ నిండింది, ప్రతి మలుపు దగ్గరా ఫ్రేమ్ గ్రాఫ్‌లో ముల్లు లేచింది. టెక్స్చర్లను ఒక మెట్టు దించి హైలో పెట్టగానే ముళ్లు పోయాయి. కంటికి తేడా వెతికితే గానీ కనబడలేదు. గతుకుల్లో ఇవి ప్రాసెసర్‌వి కావు, కార్డు మెమరీ నిండడం వల్ల వచ్చినవి.

ఇదే లెక్క ఇంకో రెండు జోడీలకు వేసి చూడండి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు లేన్ల కార్డు, మెమరీ మామూలుగా 4 జీబీయే. దాన్ని ఇదే బోర్డ్‌లో పెడితే దారి 3.94కి పడిపోతుంది, మెమరీ ఇంకా త్వరగా నిండుతుంది. పాత మెషిన్‌కు చిన్న కార్డు చాలులే అనుకుని అది కొనేవాళ్లకు నేను వద్దనే చెబుతాను. 2011 నాటి ఐ5-2500 లాంటి మెషిన్‌లో స్లాట్ 2.0 కాబట్టి ఎనిమిది లేన్లకు 4 గిగాబైట్లే. పైగా ఆ ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 అనే ఆదేశాల సెట్ లేదు, కొన్ని కొత్త ఆటలు మొదలే కావు. అక్కడితో పోలిస్తే 2013 నాటి ఈ నాలుగో తరం మెషిన్‌కు 3.0 స్లాట్, ఏవీఎక్స్2 రెండూ ఉన్నాయి. కొత్త కార్డు పెట్టడానికి నేను ఒప్పుకునే గీత ఇక్కడే గీసుకున్నాను. ఇంటెల్ ఆర్క్ కార్డులు మాత్రం ఈ వయసు బోర్డులకు సలహా ఇవ్వను. వాటికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం) కావాలి, ఈ బోర్డ్ బయోస్‌లో అది లేదు.

ఇక ప్రాసెసర్

ర్యామ్, టెక్స్చర్లు సర్దాక కూడా నాలుగు కోర్లూ నిండుగానే ఉన్నాయి. ఒక శాతం ఫ్రేమ్‌లు 34 దగ్గరే ఆగాయి. ఇప్పుడు ప్రాసెసర్‌ను అనుమానించడానికి నాకు ఆధారం ఉంది. నాలుగు త్రెడ్లే ఉన్నప్పుడు ఆట, డ్రైవర్, వెనక నడిచే విండోస్ పనులు అన్నీ వాటి కోసమే పోటీపడతాయి. ఏ ఒక్కటి ఆలస్యమైనా ఫ్రేమ్ ఆలస్యం అవుతుంది.

ఇదే సాకెట్‌లో పట్టే ఐ7-4770 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. నాలుగు కోర్లే అయినా ఎనిమిది త్రెడ్లు, టర్బో (గరిష్ఠ వేగం) 3.6కి బదులు 3.9 గిగాహెర్ట్జ్. టీడీపీ, అంటే కూలర్ తట్టుకోవలసిన వేడి, అదే 84 వాట్లు కాబట్టి కూలర్ మార్చక్కర్లేదు. కొందరు జియాన్ ఈ3-1231 వీ3 వేసుకోమంటారు, అదీ ఎనిమిది త్రెడ్లే. కానీ దానిలో సొంత గ్రాఫిక్స్ లేదు. పైన నల్లతెర వచ్చినప్పుడు బోర్డ్ మీది వీడియో పోర్టే నన్ను ఆదుకుంది, ఆ ఆసరా వదులుకోవాలనిపించలేదు. ఎండి పెచ్చులు కట్టిన పాత థర్మల్ పేస్ట్ తుడిచి, కొత్తది పెట్టి ఐ7 బిగించాను.

సగటు 76, ఒక శాతం 48. కార్డు వినియోగం 80 దాటింది.

ఇంకా మిగిలింది సెట్టింగ్స్. జనసాంద్రత, నీడల దూరం, ఎంత దూరం దాకా వస్తువులు కనిపించాలి అన్నవి ప్రాసెసర్ మీద పడే బరువులు, వాటిని మధ్యస్థంలో పెట్టాను. రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల లెక్కతో బొమ్మ గీయడం) కార్డుకే కాదు ప్రాసెసర్‌కూ పని పెంచుతుంది, ఆపేశాను. ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ రెజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతి) పెట్టమంటారా అని అడిగాడు. అది కార్డు భారం తగ్గించే మందు, ఇక్కడ జబ్బు అది కాదు. ఫ్రేమ్‌లను 60కి కట్టేయమన్నాను. 76కీ 48కీ మధ్య ఊగే ఆట కన్నా 60 దగ్గర నిలబడే ఆట నయం. కట్టాక ఆ వీధిలో గ్రాఫ్ దాదాపు తిన్నగా, 16.7 మిల్లీసెకన్ల గీత మీద నడిచింది.

కార్డు వాపస్ వెళ్లలేదు. ఇంతకన్నా పెద్ద కార్డు తెచ్చి ఉంటే మాత్రం వాపస్ ఇచ్చెయ్యమనే చెప్పేవాణ్ణి, ఆటలే ఆడేవాళ్లకు ఈ ప్రాసెసర్ దగ్గర దాని బలం వృథా అవుతుంది. 3డీ రెండరింగ్ చేసేవాళ్లకైతే లెక్క వేరు, అక్కడ పని ఎక్కువగా కార్డులోనే జరుగుతుంది. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ ప్రాసెసర్ లేదు. ఎప్పుడో ఒకప్పుడు బోర్డ్, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చాలి. ఆ రోజు కార్డు, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ కొత్త క్యాబినెట్‌లోకి వెళతాయి. ఐ7, 24 నుంచి 8 పిన్ అడాప్టర్ మాత్రమే ఇక్కడ మిగిలిపోయే ఖర్చులు.

మెషిన్ ఇచ్చే ముందు బోర్డ్ మీది సీఆర్2032 బ్యాటరీ మార్చాను. పాతది మీటర్ మీద 2.6 వోల్టులు చూపించింది. అది పూర్తిగా పోతే బయోస్ మళ్లీ ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కు, అంటే లెగసీకి వెళ్లిపోతుంది, తెర మళ్లీ నల్లబడుతుంది, డిస్క్ ఇప్పుడు జీపీటీ కాబట్టి విండోస్ కూడా ఎక్కదు. సైడ్ ప్యానెల్ లోపలి వైపు ఒక కాగితం అంటించాను: బూట్ మోడ్ యూఈఎఫ్‌ఐ, ర్యామ్ ఒకటి, రెండు స్లాట్లలో, 24 నుంచి 8 పిన్ అడాప్టర్ వైరింగ్ బొమ్మ, బ్యాటరీ మార్చిన తేదీ. కింద ఎర్ర ఇంకుతో, సాటా నుంచి కార్డుకు కరెంటు ఇవ్వవద్దని రాశాను.